ఒడిల నిలువని బియ్యం

రాస్తున్నవా బిడ్డా? నేను చెప్పింది చెప్పినట్టే రాయి, నా మాటను సక్కగ చెయ్యకు. మీ బళ్ళె అంత కన్నడమే చెప్తరు, నీకు ఇంత తెలుగు రాసుడు వచ్చిందే శాన. తప్పులు పోతే పోనియ్యి.

కడుపు కోపిచ్చుకునుడు సంగతి చెప్తా. కాన్పుకు కోస్తరు చూడు, అది కాదు. లావు తగ్గుటానికి కోసేది. గిట్లాంటిది ఒకటి ఉంటదని నాకు అరవై దాటినంకనే ఎర్కైంది.

ముందుగాల మోకాళ్ళ కాడ మొదలైంది. మెట్లు ఎక్కరాకపాయె, దిగరాకపాయె, కింద కూసుంటే లేవరాకపాయె. ఈడ బీదర్ల దవాఖానకు పోతే డాక్టరు ఫోటో తీసి, "మోకాళ్ళు అరిగినయమ్మా, మార్చాలె. కాని ఇంత బరువు మీద మారిస్తే కొత్తయి సుత అరుగుతయి. ముందు బరువు తగ్గు" అన్నడు. ఎట్ల తగ్గాలె? నేనేమన్న కూసొని లడ్డూలు తింటున్ననా? రెండు జొన్నరొట్టెలు, పుంటికూర, శేంగల పొడి, దాని మీద ఇంత నూనె. నూనె లేకుంటే పొడి గొంతుల దిగదు కదా. ఒక రొట్టె తగ్గించి చూసిన. పొద్దుగాల మెంతుల నీళ్ళు తాగిన. మీ అమ్మ ఎంబడి నడుసుకుంట పోయి, సగం తొవ్వల ఎవరింటి అరుగు మీదనో కూలబడి, ఆటోల ఇంటికొచ్చిన. కాంటా ముల్లు ఉన్నకాన్నే ఉండె.

అప్పుడు మీ నాయిన నన్ను హైదరాబాద్ తీస్కపోయిండు. ఆడ పెద్ద డాక్టరు బల్ల మీద కడుపు బొమ్మ పెట్టుకొని చూపెట్టిండు. మన కడుపు తిత్తి లెక్క ఉంటదట. దాన్ని నిలువుగ కోసి, ఎక్కువున్నది తీసేసి, అరటిపండంత మిగిలిస్తరట.

"తీసేసింది ఏం జేస్తరు సారూ?" అని అడిగిన.

ఆయన నవ్విండు. నేను నవ్వుటందుకు అడగలే. నా ఒంట్లది తీసి యాడ పారేస్తరో నాకు తెల్వాలె కదా.

కాని నా భయం కోసుడుకు కాదు బిడ్డా. కోసింది అతుకుతది, నొప్పి ఇయ్యాల కాకుంటే రేపు పోతది. నా భయమంత మత్తు సూదికి. మత్తు ఎక్కినంక నేను యాడ ఉంట? కండ్లు మూసిన, మళ్ళ తెరవలే, అప్పుడు? ఎవరితోని ఒక మాట అనకుంట, ఏది యాడ పెట్టిన్నో చెప్పకుంట పోవుడే కదా. వచ్చేటప్పుడు కారుల మీ నాయిన ఏందో చెప్తుండు, నాకు ఒక్కటి ఎక్కలే. ఇంటికొచ్చి పప్పుల ఉప్పు రెండుసార్లు ఏసిన. మీ తాత తినుకుంట, "ఆపరేషన్ నీకా, నాకా?" అన్నడు.

"నేను పోతే తెలుస్తది నీకు, రొట్టెలు ఎవరు చేస్తరో."

"కోడలు చేస్తది."

"కోడలు చేసిన రొట్టె తింటవా నువ్వు?"

"గుండ్రంగనైతే ఉంటది" అన్నడు. వంటింట్ల మీ అమ్మ గిన్నె గట్టిగ పెట్టింది.

ఊ అనను, వద్దనను. అట్లనే దినాలు పోయినయి. ఆఖరికి మీ నాయిన మొఖం చూసి ఊ అన్న. తారీఖు ఇచ్చిన్రు. దానికి ముందు కొన్ని దినాలు ఏం నమలొద్దట, పల్చటియే తాగాలెనట. కడుపు లోపల జాగ ఖుల్లా కావాలె, లేకుంటే కోసెటోళ్ళకు తకలీఫ్ అయితదన్నరు. మజ్జిగ, పప్పు మీది కట్టు, వాళ్ళిచ్చిన పొడి కలిపిన పాలు. సరే అని మొదలుపెట్టిన.

గప్పుడే మా తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, ఆదివారం ఒడిబియ్యం పోస్త."

"ఇప్పుడెందుకురా? మొన్ననే పోస్తివి కదా."

"ఊకెనే అక్కా. మనసుల అనిపించింది."

వాడు ఊకె ఏ పని చెయ్యడు. అక్కను కడసారి చూసుకుందామనుకుంటున్నడని నాకు సమజైంది.

ఒడిబియ్యమంటే నువ్వు చిన్నప్పుడు చూసినవ్, యాదికి ఉన్నదో లేదో. పుట్టింటోళ్ళు ఆడిబిడ్డను పీట మీద కూసోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ ఒడిల పోస్తరు. పుట్టింటికి పోయి పోయించుకునుడు పద్ధతి. మా ఊరు మన్నాఏఖేళ్ళి దాటినంక ఇంకింత లోపలికి. నాకు బస్సు మెట్టు ఎక్కరాదని వాడే పెండ్లాన్ని తీస్కొని, బియ్యం మూట నెత్తిన పెట్టుకొని వచ్చిండు. పక్కింటి కన్నడ అమ్మను సుత పిలిచినం. వాళ్ళల్ల దీన్నే ఉడి తుంబుడు అంటరు.

పీట మీద కూసుంటే నన్ను లేపుడెవ్వరి తరం? కుర్చీల కూసోబెట్టిన్రు. కొంగు పట్టిన. తమ్ముడు దోసిట్ల బియ్యం తీసుకొని, "సల్లగుండు అక్కా" అని పోసిండు.

బియ్యం నిలువలే బిడ్డా. కొంగు పడితె చాలునా, ఒడి ఉండొద్దా? కూసుంటే నా కడుపే మోకాళ్ళ దాక వస్తది. పోసిన బియ్యం పోసినట్టే కడుపు మీదికెళ్ళి జారి బండల మీద పడ్డయి. కొంగు ఇంకింత గుంజి పట్టిన. మరదలు పోసింది, అయ్యి సుత జారినయి. ఒక కుడుక దొర్లుకుంట పోయి సోఫా కింద దూరింది.

పక్కింటి అమ్మ "ఇర్లి బిడ్రి, ఇర్లి బిడ్రి" అనుకుంట, పోనియ్యి అన్నట్టు, బియ్యం చేతులతోని ఎత్తుడు మొదలుపెట్టింది. మా తమ్ముని మొఖం తెల్లగైంది. ఒడిబియ్యం కింద పడుడు మంచిది కాదని పుట్టినకాడికెళ్ళి ఇంటనే ఉన్న. అంతమంది నడుమ కుర్చీల కూసొని, ఇగ నేను ఆ దవాఖానకెళ్ళి తిరిగి రానని అనుకున్న.

పొద్దుమీకి మీ నాయిన వస్తే, "నేను పోను" అన్న.

"అమ్మా, బియ్యం పడ్డయని ఆపరేషన్ ఆపుతరా ఎవరన్న?"

"ఆపుతరు. నేను ఆపుత."

వాడు చెప్పులేసుకొని బయటికి పోయిండు. తమ్ముడు మూలకు నిలబడి, "నేను వచ్చుడే తప్పైంది" అన్నడు. "నీ తప్పేం లేదురా" అన్న గాని, వాడు మొఖం ఎత్తలే.

తెల్లారి ఆ బియ్యం వండినం. ఒడిబియ్యం వండితె పోయించుకున్నామె తినాలె. పుట్టింటి బియ్యం వద్దంటే పుట్టింటినే వద్దన్నట్టు. బెల్లమేసి, నెయ్యేసి పరమాన్నం. రెండుసార్లు పెట్టుకొని తిన్న. కడుపు సల్లవడ్డది. బతికిపోయిన అనుకున్న. ఆపరేషన్ వద్దన్న గాని, మీ అమ్మ మజ్జిగ, పొడి పాలు ఇచ్చుడు బంద్ చెయ్యలే, నేను తాగుడు బంద్ చెయ్యలే.

ఇగ రెండు మూడు దినాలైనంక, ఒకరోజు పొద్దుగాల మీ తాత వాకిట్ల కుర్చీల కూసొని శేంగలు ఒలుస్తుండు. ఒక కాయ ఒలుచుడు, కునుకుడు, మళ్ళ ఒక కాయ. ఆయనది ఎప్పుడు గంతే, పగలంత కునికిపాట్లే. నాకు కోపమొచ్చింది.

"ఏందయ్యా, తెగులొచ్చిన కోడి లెక్క తూగుతవ్. రాత్రిపూట దొంగతనాలకు పోతున్నవా?"

"కావలి కాస్తున్న" అన్నడు, కండ్లు తెరవకుంటనే.

"ఎవరికి?"

"నీకే. నువ్వు గుర్రు పెట్టినంతసేపు నాకు మంచిగ నిద్ర పడుతది. గుర్రు ఆగితే తెలివొస్తది. ఊపిరి ఆగుతది నీకు. చూస్త, చూస్త, రాకపోతే భుజం మీద తట్టుత. అప్పుడు గుటక్కున తీసుకుంటవ్."

నా చేతిల ఉన్న చేట పక్కకు పెట్టిన.

"ఎన్నాళ్ళ సంది?"

"శానొద్దులాయె."

"నాకు చెప్పవైతివి?"

"చెప్తే నువ్వు నిద్రపోవుడు బంద్ చేస్తవ్. ఇద్దరం లేచి కూసొని ఏం జేద్దుము? కొడుక్కు చెప్పిన, లావుకే అట్లైతదట. వాడు హైదరాబాద్ తీస్కపోయింది అందుకే. మోకాళ్ళకనుకున్నవా?"

మళ్ళ ఒక కాయ ఒలిచి నోట్ల ఏసుకున్నడు. నేను గోడ పట్టుకొని మెల్లగ అరుగు మీద కూసున్న. మత్తుల పోతనని నేను భయపడుతుంటి. మత్తు లేకుంటనే రోజు పోయి వస్తున్న. ఆ మనిషికి ఒక్కదినం కన్ను అంటుకుంటే? ఆయనకే జ్వరమొచ్చి పంటే? ఇంతకు ముందు ఒక్కటే భయముండె, ఇప్పుడు అటు చూసినా భయమే, ఇటు చూసినా భయమే. బియ్యం సంగతి సుత అప్పుడే వేరే తీర్గ కనవడ్డది. బియ్యం ఏం చెప్పలే నాకు. నాకు ఒడి లేదు, పడ్డయి. గంతే.

"కొడుక్కు ఫోన్ చెయ్యి, పోతనని చెప్పు" అన్న.

మీ నాయిన తారీఖు బంద్ చెయ్యనేలేదట. అమ్మ మనసు మారుతదేమోనని ఊకున్నడట. ఇంటికొచ్చి, దవాఖానల పనిచేసే పిల్లతోని ఫోన్ల కలిపిండు. ఆమె, "అమ్మా, పల్చటియే తాగుతున్నరు కదా? అన్నం ఏం తినలేదు కదా?" అని అడిగింది.

"అన్నం ముట్టలే తల్లీ" అన్న. "ఒడిబియ్యం తిన్న, గంతే."

"అంటే ఏంటండీ?"

"పరమాన్నం."

మీ నాయిన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు. నిజం చెప్తున్న, అది తిండి లెక్కల వస్తదని నాకు తట్టనేలేదు. ఇంట్ల ఎవ్వరికీ తట్టలే. తారీఖు వాయిదా పడ్డది, మజ్జిగ నీళ్ళు మళ్ళ మొదటికెళ్ళి తాగుడాయె.

మొన్న పోయొచ్చినం కదా, మత్తిచ్చే డాక్టరమ్మను చూపెట్టిన్రు. మీ మేనత్త ఈడు ఉంటది. "ఏమన్న అడుగుతరా అమ్మా?" అన్నది.

"మత్తుల నాకు ఊపిరి ఆగితే ఎవరు తట్టుతరు?" అని అడిగిన.

ఆమె నవ్వలే. కుర్చీ ముందుకు జరుపుకున్నది. "కోసేవాళ్ళు వేరేనమ్మా. నేను మీ తల దగ్గరే కూర్చుంటా. మీరు లేచేదాకా మీ ఊపిరి చూడడమే నా పని, ఇంకో పని ఉండదు" అన్నది.

మీ తాత నా ఎనుకకెళ్ళి, "బిడ్డా, ఎడమ భుజం మీద తట్టాలె" అన్నడు. "కుడి భుజం తట్టితే అటు మర్లి పంటది, లేవది."

"ఎడమ భుజం. సరే తాతా" అన్నదామె.

ఎల్లుండి పొద్దుగాల పోతున్నం. భయం పోయిందా అంటే పోలే. ఇది చెప్తుంటే సుత నా అరచేతులు సల్లగున్నయి, పట్టి చూడు. కాని పోతున్న.