పెద్దాయనకు పిడికెడన్నం

మోకాళ్ళ నొప్పులకని డాక్టరుగారు నాన్నకు రాసిచ్చిన చేపనూనె మాత్రల సీసా మొన్న మూత తియ్యగానే వాసన గుప్పుమంది. లోపల ఒక మాత్ర చిట్లినట్టుంది. రాజమండ్రిలో మూడో అంతస్తు వంటగదిలో నిలబడ్డదాన్ని, మరుక్షణం మొగల్తూరు దిగువన మా పల్లె ఇసుకలో ఐదో తరగతి గౌనుతో, చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాను. ఆ మాత్రలు రాసిన డాక్టరు మీద అకారణంగా కోపం కూడా వచ్చింది.

మా ఇంట్లో అందరూ సముద్రం మీద బతికినవాళ్ళే. శివరాత్రి దాటి చలి వెనక్కి తగ్గి, గాలి సద్దుమణిగి, నీళ్ళు నున్నగా పరుచుకునే రోజుల్లో పెద్దాయన వచ్చేవాడు. పుస్తకాల్లో తిమింగల సొర అంటారని తర్వాత చదువుకున్నాను. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ఆ పేరు ఇంట్లో పలకనిచ్చేది కాదు. మా పడవకన్నా పొడుగు, ఒళ్ళంతా తెల్లచుక్కలు, గుమ్మమంత నోరు, అయినా ఎవర్నీ ఏమీ అనడు, నీళ్ళలో నలుసులు తాగుతూ తన దారిన తాను పోతాడు. ఆయన వెంట సూరచేపలు గుంపులు గుంపులుగా తిరిగేవి. అందుకని ఆయన కనబడగానే ఇంజను ఆపి, క్యారేజీలోంచి పిడికెడన్నం తీసి నీళ్ళలో వేసి, "దారియ్యి తండ్రీ" అని దండం పెట్టుకున్నాకే గేలాలు వెయ్యాలి. ఆ నెలల్లో మా వాకిలంతా ఉప్పు పట్టించిన సూర ముక్కలు ఆరుతుండేవి, పిల్లులు రాకుండా నేను కర్ర పట్టుకుని కాపలా. పచ్చిమామిడికాయ వేసి అమ్మ పెట్టిన పులుసు మర్నాటికి ఇంకా రుచిగా ఉండేది, చద్దన్నంలోకి దానికోసం నేనూ బాబాయీ కొట్టుకునేవాళ్ళం. నాన్న తమ్ముడు మా బాబాయి. ఇంకా పెళ్ళి కాలేదు, మగవాడినన్న బింకం లేకుండా నాతో అచ్చంగాయలు ఆడేవాడు, ఎగరేసిన ఐదు రాళ్ళనీ మణికట్టు తిప్పి అరచేతి వెనక మీద పట్టేవాడు. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే.

అలాంటి ఊళ్ళోకి కొనుగోలుదారు ఒకడు దిగాడు. పెద్దాయన రెక్కలు కావాలిట, కార్జం కాచిన నూనె కావాలిట. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సొరల కార్జం కాచి పడవ చెక్కలకు పూసుకోవడం మాకూ తెలుసు, కానీ బతికున్న పెద్దాయన మీదికి వెళ్ళడం ఎవరూ ఎరగరు. ముందు చీదరించుకున్నవాళ్ళే, అవతలి పల్లెవాళ్ళు ఒకదాన్ని తెచ్చారని తెలిసేసరికి మాట మార్చేశారు. నాన్న కూడా వేటకు సరేననేసరికి మామ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది.

మా పల్లెలో గంగమ్మ పండగనాడు ఇంటి ఇల్లాలు పడవ ముక్కుకు పసుపుగుడ్డ కడుతుంది. తొమ్మిది రోజులపాటు ఆ గుడ్డకు గానీ, దాని మీద కట్టినదానికి గానీ కత్తి తగలకూడదు. ఈ నియమం తప్పితే ఊరుకునేది కాదు మామ్మ. ఆ ఏడు ఐదో రోజున, పండగ బూరెలు ఇంకా అడుగంటకముందే, నాన్నా బాబాయీ పెద్ద గేలం, కొత్త తాడూ వేసుకుని వెళ్ళారు.

మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చేసరికి ఊరంతా ఒడ్డున ఉంది. దూరంగా మా పడవ కనబడుతోంది. ఇంజను పొగ లేదు, చప్పుడు లేదు, పడవ మాత్రం ముక్కు కిందికి వంచుకుని సముద్రం లోపలికి పోతోంది. 

"పెద్దాయన లాక్కుపోతన్నాడే!" అని మామ్మ గుండెలు బాదుకుంది. "తాడు కొయ్యరా! కొయ్యరా నాయనా!"

అంత దూరం ఏం వినబడుతుంది! అమ్మ ఏడవను కూడా లేదు. "పసుపుగుడ్డ మీంచే ముడేశారత్తా. పొద్దున్న చూశాను. ఆయన కొయ్యరు," అంది.

మామ్మ ఇసుకలో చతికిలబడిపోయింది. రెండు పడవలు వాళ్ళ వెనక బయల్దేరాయి. కాసేపటికి మూడూ కనబడలేదు. ఉత్త నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాం. నేను గుప్పిట్లో ఇసుక పట్టుకుని, అది జారిపోకుండా ఉంటే నాన్న వచ్చేస్తాడని మొక్కుకున్నాను. ఇసుక జారిపోతూనే ఉంది, మళ్ళీ మళ్ళీ పట్టుకున్నాను.

పొద్దు వాలేవేళ వచ్చారు. వెనక తాడుకు పెద్దాయన. అలిసిపోయి లొంగాడట. ఊరు కేకలు వేసింది, సంబరంతోనే. పడవలోంచి బాబాయిని ఎత్తుకుని దింపారు, కుడిచేతికి లుంగీ చుట్టి ఉంది. బిగిసిన తాడుకూ పడవ అంచుకూ మధ్య చెయ్యి ఇరుక్కుని మూడు వేళ్ళు పోయాయి.

"ఎందుకు కొయ్యలేదురా?" మామ్మ నాన్న చొక్కా పట్టుకుంది.

"నువ్వే కదే అమ్మా, కత్తి తగలకూడదన్నావు."

"ఆ మాట మీరు చల్లగా ఉండాలని అన్నానురా, వెధవా!"

పెద్దాయన ఇసుకలో పడి ఇంకా నోరు తెరుస్తూ మూస్తూనే ఉన్నాడు. మామ్మ బిందెతో సముద్రపు నీళ్ళు తెచ్చి ఆ కంటి మీద పోసింది, మళ్ళీ తెచ్చింది, మళ్ళీ పోసింది. ఎవరూ ఆపలేదు.

రెక్కలూ కార్జం తీసుకుని మిగతాది వదిలేశారు. ఆ కంపు వారాల తరబడి మా అన్నాల్లో, పక్కబట్టల్లో, జడల్లో ఉంది. ఆ తర్వాత అన్ని పల్లెలూ వేటాడాయి. వేట కూడదని సర్కారు చెప్పేటప్పటికే మా వైపు నీళ్ళకు పెద్దాయన రావడం తగ్గిపోయింది, ఆయనతోపాటే సూరలూ. సూరకోసం రాత్రింబవళ్ళు లోపలికి పోవాల్సి వచ్చింది. వల లాగలేని బాబాయి రొయ్యల చెరువుల మీద కాపలాకు కుదిరాడు, మళ్ళీ అచ్చంగాయలు ముట్టలేదు. మామ్మ పోయింది. ఇప్పుడు ఆ పల్లె పిల్లలకు పెద్దాయనంటే ఎవరో తెలియదు.

మొన్న ఆ వాసన ముందుగదిలోకి వెళ్ళినట్టుంది. నాన్న గోడ పట్టుకుంటూ వంటగదిలోకి వచ్చి సీసా చూశాడు.

"అది నాకొద్దమ్మా. నొప్పులుంటే ఉంటాయి."

సీసా బయట పడేసి వచ్చి అన్నం వడ్డించాను. నాన్న అలవాటుగా మొదటి పిడికెడు తీసి కంచం అంచున పెట్టాడు. కాకికి కాబోలనుకుని ఇన్నేళ్ళూ అడగలేదు. ఆ రోజు అడిగాను.

నాన్న తలెత్తలేదు. "ఆ రోజు ఇంజను ఆపలేదమ్మా. అన్నం వెయ్యలేదు. చంపడానికి పోతూ దారియ్యమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?"