సోడియం వేసిన నీళ్ళు

మడకశిర దగ్గర మా హైస్కూల్లో ఆ కరువు ఏడాది బావి ఎండిపోయింది. తాగడానికైనా, పాఠానికైనా నీళ్ళు మేమే ఇంటి నుంచి మోసుకుపోవాలి. ఆ రోజు సైన్సు అయివారికి చెంబెడు నీళ్ళు తేవడం నా వంతు. తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అయితేనేం, నా నోటికి మగపిల్లలంతా జడిసేవారు.

గొర్రెలు తోలుకుపోతున్న మా నాయన నా చేతిలో చెంబు చూశాడు. ఇక చూడాలి ఆయన కోపం! మందతో సహా బడికే వచ్చి తరగతి గుమ్మంలో నిలబడ్డాడు.

"గొర్రెలకు గుటకెడు నీళ్ళు లేక నేను సస్తాంటే, ఈడ నీళ్ళతో ఆటలాడుకుంటాండారా? నీ సదువు ఇంక సాలు. నడువే ఇంటికి!"

అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు మా నాయన.

"పాఠం అయినాక తీసుకుపోదువులేప్పా," అన్నారు అయివారు. కిరసనాయిల్లోంచి సోడియం ముద్ద తీసి, చాకుతో జున్ను కోసినట్టు కోశారు. ఒక ముక్కను గాజు తొట్టిలోని మా ఇంటి నీళ్ళలో వేయగానే, అది ఉండైపోయి బుస్సుమంటూ నీళ్ళ మీద పరుగెత్తింది. తర్వాత ఇంకొకటి, మరొకటి. ముక్కలన్నీ కరిగి మాయమయ్యాయి. నీళ్ళు తేటగానే ఉన్నాయి.

అయివారు సోడియం సీసాను బీరువాలో పెట్టడానికి అటు తిరిగారు. అంతలో నాయన తొట్టి ఎత్తుకుని బయటికి నడిచాడు. మా సీమలో మిగిలిన నీళ్ళు పారబోస్తే పాపం, ఏ జీవానికో పోయాల్సిందే. ఒక గొర్రె అప్పుడే మూతి చాపింది.

ఒక్క దూకు దూకి తొట్టి పట్టుకున్నాను. "వద్దు నాయనా! అవి నీళ్ళు కావు, క్షారం. నోరు పొక్కిపోతాది!"

"నాకు కండ్లు లేవా? నీళ్ళు నీళ్ళ మాదిరే ఉండాయి."

ఆయనతో వాదిస్తే తెల్లారినట్టే. పాఠం కోసం అయివారు బల్ల మీద పెట్టిన, పసుపు పూసిన కాగితం తెచ్చి, ఆయన ఎదుటే తొట్టిలో ముంచాను. ఎర్రబడింది.

"పసుపుకు సున్నం తగిలితే ఎర్రగా అయితాది కదా? మొన్న వక్కాకులో సున్నం ఎక్కువై నీ నోరు పొక్కలేదా? ఇది ఆ సున్నానికి తాత!"

నాయన కాగితాన్ని చూశాడు, గొర్రెను చూశాడు. తొట్టిని మందకు అందకుండా ఎత్తరుగు మీద పెట్టి, కర్ర అందుకున్నాడు. ఆయన మాటంటే మాటే కదా, నేను సంచి భుజాన వేసుకుని వెనకే నడిచాను.

నాయన ఆగి నా వైపు గుడ్లురిమాడు.

"యాడికే నా ఎనకాల? ఆడ అయివారు పాఠం చెప్తాంటే!"