అక్క కాలిలో ప్లేటు, నేను పెట్టిన పథ్యం

మా అక్క కుడికాలిలో, మోకాలికీ చీలమండకూ మధ్య, జానెడు పొడుగు టైటానియం ప్లేటు ఉంది. దానికి ఎనిమిది స్క్రూలు. ఎక్స్‌రేలో చూస్తే తలుపుకు గడియ బిగించినట్టు ఉంటుంది. ఆ ప్లేటు కథ అడిగినవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. అయితే చెప్పిన ప్రతిసారీ అందులో ఒక ముక్క మింగేసేదాన్ని. ఇప్పుడు మింగే ఓపిక కూడా లేదు, అందుకని రాస్తున్నాను.

ఇంట్లో మేమిద్దరమే. బావ పోయాక అక్క నా దగ్గరికి వచ్చేసింది. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగినవాళ్ళకు నేను చెప్పిన జవాబులు విన్నాక మళ్ళీ ఎవరూ అడగలేదు. నరసరావుపేట కోర్టు పక్కన రేకుల కింద కూర్చుని అఫిడవిట్లు, వకాల్తాలు టైపు చేస్తాను. ప్లీడర్లతో, గుమాస్తాలతో, వాయిదాలకు వచ్చిన జనంతో పొద్దంతా అరిచి ఇంటికొస్తే ఇంట్లో కూడా అదే గొంతు. అక్క ముందుగదిలో మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఎవరన్నా మోటారు పెట్టించుకోమంటే, "కాలు ఆడకపోతే నాకు చెయ్యాడదు" అనేది.

ముప్పాళ్ళలో ఒక పెళ్ళివాళ్ళకు జాకెట్లు ఇచ్చి వస్తుంటే ఆటో తిరగబడింది. మిగతావాళ్ళు గీతలతో బయటపడ్డారు. అక్క కాలు ఆటో కింద ఇరుక్కుపోయింది. ఆస్పత్రిలో స్ట్రెచర్ మీద పడుకుని, నొప్పికి పెదవి కొరుక్కుంటూ కూడా ఆమె డాక్టరును అడిగింది ఒకటే.

"మిషను తొక్కొచ్చా అయ్యా?"

"ఎముక అతుక్కుంటే అన్నీ చెయ్యొచ్చమ్మా" అన్నాడాయన.

నేనడిగింది వేరే. మా అక్కకు రోల్డ్‌గోల్డ్ కమ్మలు పడవు. పెట్టిన రెండో రోజుకే చెవులు దురదపెట్టి నీరు కారతాయి. చెవికే పడని మనిషికి ఎముక మీద లోహం పెడితే ఒళ్ళు ఊరుకుంటుందా అని నిలదీశాను. డాక్టరు కుర్రవాడే అయినా విసుక్కోలేదు. ఆ కమ్మల్లో నికెల్ ఉంటుందనీ, కొందరి చర్మానికి అది పడదనీ, స్టీలు ప్లేటులో కూడా అది ఉంటుంది కాబట్టి ఈమెకు టైటానియం వేస్తాననీ చెప్పాడు.

"ఒళ్ళు దాన్ని తనది అనుకోదు, అట్లాగని తరిమెయ్యదు. చుట్టూ సన్నటి పొర కట్టి, సర్దుకుని ఊరుకుంటుంది."

"అద్దెకున్నవాళ్ళతో ఇంటామె ఉన్నట్టు" అన్నాను.

"అంతేనమ్మా" అన్నాడు.

ఆపరేషను బాగానే జరిగింది. అక్కను ఇంటికి తెచ్చుకున్నాను. వంట నా చేతికి వచ్చింది.

మా వైపు కుట్లు పడిన మనిషికి పప్పు పెట్టరు. పప్పు తింటే చీము పోస్తుందంటారు. గుడ్డు, కోడి, చేప, వంకాయ, గోంగూర, ఏవీ దగ్గరికి రానివ్వరు. మా అమ్మ అట్లాగే చేసేది, వాళ్ళమ్మా అట్లాగే చేసి ఉంటుంది. నేనూ అంతకన్నా గట్టిగా చేశాను. బీరకాయ కూర, మిరియాల చారు, పాత చింతకాయ పచ్చడి, సాయంత్రం రెండు బ్రెడ్డు ముక్కలు. తెల్లారకముందే లేచి నీళ్ళు పట్టడం, అక్కను శుభ్రం చేయడం, పక్కగుడ్డలు ఉతకడం, ఆమెకు వేరే వంట, నాకు వేరే వంట, కోర్టుకు పరుగు. మధ్యాహ్నం ఆ ఎండలో మళ్ళీ ఇంటికి వచ్చి ఆమెకు అన్నం పెట్టి మళ్ళీ పోవడం. నాలుగు వారాలకు నా నడుము నాది కాకుండా పోయింది. ఇంత చాకిరీ చేస్తున్నానన్న గర్వం కూడా నాకు లోపల ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి!

పక్కింటి పిన్ని రోజూ వచ్చి అక్క కంచంలోకి తొంగి చూసేది. "బాగా చేస్తన్నావే అమ్మాయ్. ఇప్పటోళ్ళకి పథ్యం సంగతే తెలవదు" అనేది. ఆ మాటతో నాకు కడుపు నిండేది.

రెండో వారంలో అక్క నెమ్మదిగా అంది. "ఏమే, డాక్టరు పప్పు తినమన్నాడే. గుడ్లు కూడా తినమన్నాడు. నువ్వు మందులకి పోయినప్పుడు చెప్పాడు."

"డాక్టర్లు అట్టాగే అంటారు. చీము పడితే కడిగేది ఆయనా, నేనా?"

"ఒక్క ముద్ద పప్పెయ్యవే."

"నోరు కట్టుకోలేవా అక్కా? నీకేమన్నా నాలుగేళ్ళా? ఇక్కడ నేను చస్తంటే నీకు రుచులు కావాల్సొచ్చినయ్యా?"

ఆ మాట వీధిలోకి వినబడేలా అన్నాను. ఆమె మళ్ళీ ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అరిచాను. పప్పు మీద ఆశతో డాక్టరు పేరు చెబుతోందని నా నమ్మకం. ఆ తర్వాత ఆమె అడగలేదు. పెట్టింది తిని, కంచం పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకునేది.

కుట్లు విప్పిన చోట, కింది చివర, తడి కనిపించింది. ముందు చెమట అనుకున్నాను. నాలుగు రోజులకు కట్టుగుడ్డ చీముతో పచ్చగా మారింది. పథ్యం ఎక్కడో తప్పిందనుకుని మజ్జిగ కూడా మాన్పించాను. పిన్ని వచ్చి చూసి, "కొందరి ఒంటికి ఇనుము పడదులే అమ్మాయ్, నువ్వేం చేస్తావ్" అని నన్ను ఓదార్చింది. నాకు ఆ చెవి కమ్మలు గుర్తొచ్చి, డాక్టరు మీద ఒళ్ళు మండిపోయింది. ముందే చెప్పాను గదా, విన్నాడా!

ఒక ఆదివారం కట్టు విప్పితే గాయం చిన్న నోరులా తెరుచుకుని ఉంది. దాని అడుగున బూడిదరంగు లోహం మెరిసింది. కాలి లోపల ఉండాల్సింది బయటికి కనబడుతుంటే నేను ముఖం తిప్పుకున్నాను. అక్క మాత్రం తల ఎత్తి చూసి, "మిషను అమ్మెయ్యాల్నేమోనే ఇంక" అంది.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరుతో తగాదాకు సిద్ధంగానే కూర్చున్నాను. ఆయన గాయం చూశాడు, రక్తపరీక్ష కాగితం చూశాడు, మళ్ళీ అక్క ముఖం చూశాడు.

"ప్లేటు పడకపోవడం కాదమ్మా ఇది. లోహంతో ఒంటికి పేచీ ఏమీ లేదు. పైన చర్మం మూసుకోలేదు, ఆ సందులోంచి క్రిములు దిగి ప్లేటు మీద పాకుడు కట్టాయి. నీళ్ళతొట్టికి పాకుడు పడితే ఊరికే నీళ్ళు పోస్తే పోతుందా? గీకాలి. మందులూ అంతే, ఆ పాకుడు లోపలికి సరిగా పోవు. ఇప్పుడు మళ్ళీ తెరిచి కడగాలి."

"చర్మం ఎందుకు మూసుకోలేదండీ?" అన్నాను.

"ఒంట్లో ప్రొటీను అడుగంటింది. మంచి సిమెంటు తెచ్చినా ఇటుకలు లేకపోతే గోడ లేస్తుందా? పప్పు, గుడ్డు బాగా తినమని ఈమెకు నేను స్వయంగా చెప్పాను." అక్కవైపు తిరిగాడు. "ఎందుకు తినలేదమ్మా? ఎవరు మానెయ్యమన్నారు?"

అక్క నావైపు చూడలేదు.

"ఎవరూ అన్లేదయ్యా. నాకే సయించలా. మా చెల్లెలు వండి పెడతానే ఉంది, నేనే తోసేశా."

ఆయనకు కోపం వచ్చింది. వార్డులో అందరూ వింటుండగా కేకలేశాడు. "ఇది ముదిరితే ప్లేటు తీసెయ్యాలి, తర్వాత కాలే తీసెయ్యాల్సి రావచ్చు, తెలుసా? తెలిసి తెలిసి ఇట్లా చేస్తారా? మీ చెల్లెల్ని చూడండి, మీకు చేసీ చేసీ ఎట్లా చిక్కిపోయిందో. ఆమె మీదన్నా జాలి లేదా మీకు?"

అక్క తలొంచుకుని, "తప్పైపోయిందయ్యా" అంది.

నేను అక్కడే ఉన్నాను. కోర్టులో జడ్జిగారి బంట్రోతుకు కూడా భయపడనిదాన్ని, ఒక్క మాట అనలేదు. ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆపరేషను థియేటర్లో గాయాన్ని రెండుసార్లు కడిగారు. గుంటూరు నుంచి ఇంకో డాక్టరు వచ్చి పిక్కలోని కండ తిప్పి ప్లేటు మీద కప్పి, పైన తొడ చర్మం అతికించాడు. నేను రెండు పూటలా పప్పు, పూటకు రెండు గుడ్లు పెట్టి, అంతకుముందు వద్దని అరిచిన గొంతుతోనే ఇప్పుడు తినమని అరిచాను. నెలలు పట్టింది గానీ ఎముక అతుక్కుంది. ప్లేటు లోపలే ఉండిపోయింది, చలికాలంలో కొంచెం సలుపుతుందంటుంది. చీలమండ మాత్రం బిగుసుకుపోయింది. పాదం పైకీ కిందికీ ఆడదు. మిషనుకు మోటారు పెట్టించాం. ఎడమకాలితో నొక్కి, ఆగి ఆగి కుడుతుంది. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ కుడుతుంది. ఎవరన్నా ఏమైందని అడిగితే, "నా ఒంటికి ఇనుము పడలేదమ్మా" అంటుంది. పక్కన నేనుంటాను.

మొన్న ఒక మధ్యాహ్నం ఇద్దరం అన్నం తింటుండగా అడిగేశాను. రెండేళ్ళుగా అడగాలనుకుంటున్నదే.

"ఆ రోజు డాక్టరు దగ్గర తప్పు నీ మీద ఎందుకేసుకున్నావే అక్కా? నన్ను కాపాడదామనా?"

ఆమె ముద్ద కలుపుతూనే ఉంది.

"కాపాడేదేంది? ఆయన నిన్ను తిడితే నువ్వు ఊరుకుంటావా? తగాదా పడి నన్ను అక్కడి నుంచి లేపుకొస్తావు. నా కాలు ఆయన చేతుల్లో ఉండె. పోనీ ఊరుకున్నావే అనుకో, ఇంటికొచ్చి అలుగుతావు. నువ్వు రెండ్రోజులు నాతో మాట్లాడకపోతే నన్ను దొడ్లోకి ఎవరు తీసుకుపోతారే?"

"మరి పప్పు సంగతి? గట్టిగా ఎందుకు చెప్పలేదు? కాలు పోయేది గదా!"

"మూడుసార్లు చెప్పా" అంది. "నాలుగోసారి చెప్పాలంటే భయమేసింది."

కోపంగా అనలేదు. అని, మజ్జిగ పోసుకుని తినడం మొదలుపెట్టింది. నేనంటే ఆమెకు ప్రేమ అని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను, అది నిజమే కూడా. కాలు పోయినా సరే నన్ను నాలుగోసారి అడగలేనంత భయం కూడా ఉందని నాకు ఆ మధ్యాహ్నం దాకా తెలియదు.