మందుకూ మందుకూ నడుమ

అతని వృత్తి గుడ్డ కత్తిరించడం. చొక్కాలు కుట్టే కార్ఖానాలో పొడవాటి బల్ల మీద నలభై పొరల గుడ్డ ఒకదానిపై ఒకటి పరిచి, పై పొర మీద చొక్కా భాగాల ఆకారంలో కోసిన అట్టలు పెట్టి సుద్దతో గీతలు గీసి, నిలువు కత్తి ఉన్న యంత్రాన్ని ఆ గీతల వెంట నడిపేవాడు. కుట్టేవాళ్ల తప్పు ఒక చొక్కాతో పోతుంది. కత్తిరించేవాడి తప్పు నలభై చొక్కాలకూ పాకుతుంది. అందుకే కార్ఖానాలో యజమానితో సహా అందరూ అతణ్ణి మాస్టారు అనేవారు.

తొమ్మిదేళ్ల కిందట గోదాములో నిచ్చెన మీంచి గుడ్డ తానుతో సహా కిందపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో నొప్పికి మాత్రలిచ్చారు. నొప్పి నాలుగు నెలల్లో పోయింది, మాత్రలు పోలేదు. ఒకే చీటీని మూడు దుకాణాల్లో చూపించడం నేర్చుకున్నాడు, తరువాత చీటీ అవసరం లేని దుకాణాలు నేర్చుకున్నాడు. జ్వరంతో ఆసుపత్రిలో చేరిన భార్య కన్నుమూసిన సాయంత్రం అతను ఊరికి ఆ చివర ఒక మందుల షాపు ముందు, చీటీ అడగని గుమాస్తా కోసం నిలబడి ఉన్నాడు. గుమాస్తా ఆ రోజు రాలేదు.

అంత్యక్రియలు ముగిశాక మామగారు ఆరేళ్ల మనవరాలి చెయ్యి పట్టుకుని తమ ఇంటికి తీసుకుపోయారు. అడ్డు చెప్పగలిగే ముఖం ఉన్నవాళ్లెవరూ ఆ గదిలో లేరు.

మరుసటి ఏడు అతను వ్యసన చికిత్స చేసే క్లినిక్కులో చేరాడు. అక్కడ ఇచ్చే మాత్ర మింగేది కాదు. నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. "మాట్లాడకండి మాస్టారూ, మందు మాటల్లో పోతుంది," అనేది సిస్టరు. ఆ మాత్ర మత్తెక్కించదు. మత్తు కోసం ఒళ్లు పెట్టే గోలను మాత్రం అణచి ఉంచుతుంది. ఉదయం క్లినిక్కు, తరువాత కత్తి. నాలుగేళ్లు చేతులు వణకలేదు, ఒక్క గీతా తప్పలేదు. నమ్మకం కుదిరి, వారానికి సరిపడా మాత్రలు ఒకేసారి ఇంటికివ్వడం మొదలుపెట్టారు.

మన భాషలో మందు అన్న మాట ఒక్కటే. రోగిని బతికించేదీ మందే, సీసాలో పోసి అమ్మేదీ మందే, పురుగును చంపేదీ మందే. లోకం ఇన్ని వేర్వేరు వస్తువులను ఒకే పేరుతో పిలవడం పొదుపే కావచ్చు. ఆ పొదుపుకు మూల్యం మాత్రం ఎప్పుడూ ఒక్కడే చెల్లిస్తాడు.

మామగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి ఆదివారం అల్లుడు గంటసేపు కూతుర్ని చూసుకోవడానికి వచ్చినప్పుడు వరండాలో ఆయన అడిగే ప్రశ్న మారేది కాదు.

"ఇంకా మందు మీదే ఉన్నావా?"

"అది ఆ మందు కాదు మామయ్యా. డాక్టరిచ్చే మందు."

"మొదట ఇచ్చింది కూడా డాక్టరే కదయ్యా!"

లోపలి గదిలో పెన్సిలు చప్పుడు ఆగింది. అమ్మాయికి అప్పటికి పదకొండేళ్లు.

"మందు మానడానికి ఇంకో మందేమిటి? దొంగకు వాడి తమ్ముణ్ణి కాపలా పెట్టినట్టు. నేను ముప్ఫయ్యేళ్లు రాళ్లు తూచాను. చాలా తక్కువైనా తక్కువే, పిసరంత తక్కువైనా తక్కువే. బళ్లు తెరిచేలోగా పూర్తిగా మానెయ్. పిల్లను పంపిస్తా, మీ ఇంటి దగ్గర బళ్లో చేర్పించుకో. మాటంటే మాటే."

బళ్లు తెరవడానికి మూడు నెలలుంది. క్లినిక్కులో డాక్టరమ్మ అతని చీటీ తిరగేసి, ఎనిమిది మిల్లీగ్రాముల నుంచి సున్నాకు రావాలంటే తక్కువలో తక్కువ ఏడాదిన్నర అంది.

"అంత టైం లేదు డాక్టర్."

"ఎవరికి లేదు?"

"మా మామగారికి."

"మాత్ర మీరు వేసుకుంటున్నారా, ఆయన వేసుకుంటున్నారా?"

అతను ఆ వారం మాత్రలు తీసుకుని లేచాడు. ఇంటికి వచ్చి తన పద్ధతిలో తాను మొదలుపెట్టాడు. గాజు పలక మీద కొత్త బ్లేడుతో మాత్రను ముక్కలు చేయడం అతనికి పెద్ద విద్య కాదు. ఎనిమిది నుంచి ఆరుకు వచ్చాడు, ఆరు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి రెండుకు. ప్రతిసారీ నాలుగు రోజులు చిరాకు, తరువాత మామూలే. ఇక రెండు నుంచి సున్నాకు. అదీ రెండే కదా. గుడ్డలో మొదటి అంగుళానికీ చివరి అంగుళానికీ తేడా ఉండదు; ముప్ఫై ఏళ్లుగా చేతులకు తెలిసిన సత్యం అది. ఎనిమిదిలో రెండు తీస్తే పావు వంతు పోతుందనీ, రెండులో రెండు తీస్తే ఉన్నదంతా పోతుందనీ బడిపిల్లలకు కూడా తెలుసు. చేతులకు తెలియదు.

మూడో రోజు ఆవలింతలు మొదలయ్యాయి. నాలుగో రోజు కళ్లూ ముక్కూ కారాయి, ఎండలో నిలబడ్డా రోమాలు నిక్కపొడుచుకున్నాయి. పడుకుంటే కాళ్లు తనవి కానట్టు తన్నుకున్నాయి. ఆరో రోజు, చొక్కా చేతుల గుడ్డ పరిచినప్పుడు, కుడి చేతికి అట్టను తిరగేసి పెట్టడం మరిచి రెండుసార్లూ ఎడమ చెయ్యే గీశాడు. ఒకవైపే అచ్చు వేసిన గుడ్డ. లోపలివైపు తిప్పి వాడుకోవడానికీ లేదు.

"ఎనభై చేతులు మాస్టారూ, ఎనభయ్యీ ఎడమవే!" అన్నాడు యజమాని. "ఈ చొక్కాలు ఎవరికి అమ్మమంటారు? రెండెడమల వాడెవడైనా ఉంటే చెప్పండి, కొలతలు తీసుకుంటా."

మిషన్ల దగ్గర ఆడవాళ్లు నవ్వారు. ఒకామె పక్కామెతో, వినబడేలాగే అంది: "పాపం, మాస్టారు మళ్లీ మందేసుకున్నట్టున్నారు."

నాలుగేళ్లు రోజూ వేసుకున్నప్పుడు ఎవరూ అనలేదు. మానేసిన ఆరో రోజున అన్నారు. యజమాని చెడ్డవాడు కాడు; చేతులు కుదుటపడేదాకా తయారైన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోమన్నాడు.

తొమ్మిదో రోజు మామగారు చెప్పకుండా వచ్చారు. పిల్ల ఉండబోయే ఇల్లు చూసి పోదామని మనవరాలిని కూడా తెచ్చారు. అతను ఆమె కోసం కొన్న బల్లను గోడకు జరుపుతున్నాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుంది, కళ్లూ ముక్కూ కారుతున్నాయి.

"మానేశానన్నావు," అన్నారు మామగారు.

"మానేశాను మామయ్యా. తొమ్మిది రోజులైంది. మానేసినందుకే ఇలా ఉంది."

"వేసుకున్నన్నాళ్లూ శుభ్రంగా ఉన్నావు, మానేస్తే ఇలా అయ్యావు, అంతేనా? నా చెవిలో పువ్వు పెట్టకు."

"నిజం మామయ్యా. కావాలంటే క్లినిక్కులో అడగండి."

ఆయన గొంతు పెంచలేదు. "నా కూతురు పోయిన రోజూ నీ కళ్లు ఇలాగే కారాయి. ఏడుస్తున్నావనుకుని భుజం మీద చెయ్యి వేశాను. తరువాత తెలిసింది, అది ఏడుపు కాదని. నా జన్మలో నేను తూచిన తప్పుడు తూకం అదొక్కటే. రెండోది తూచను."

అమ్మాయి తండ్రి వైపు చూసింది. ఇంకా బల్ల మీద పెట్టని సంచీని భుజానికి తగిలించుకుని తాతయ్య వెనక మెట్లు దిగింది.

ఆ సాయంత్రమే అతను పాత షాపుకు వెళ్లాడు. గుమాస్తా ఈసారి ఉన్నాడు. పలకరించి మరీ ఇచ్చాడు. పాత మాత్రలు, పది ఉన్న అట్ట. అయితే నాలుగేళ్లలో క్లినిక్కులో పదేపదే విన్న మాట ఒకటుంది: మానేసిన ఒళ్లు పాత మోతాదును మరిచిపోతుంది, మనసు మరిచిపోదు, మనసు అడిగినంత వేసుకున్నవాడు తెల్లారి లేవడు. అతణ్ణి ఆపింది గుణం అనడానికి ఆధారం లేదు. చావు భయం అనడమే న్యాయం. తెల్లవారగానే ఆ అట్టను చింపకుండా తెచ్చి క్లినిక్కు కౌంటరు మీద పెట్టాడు.

"నాలుక ఎత్తండి," అంది సిస్టరు, ఇంకేమీ అడగకుండా.

డాక్టరమ్మ మాత్రం అంది: "మందు మానారు, సరే. పుండు మానిందా? రెంటికీ మాట ఒకటే కదాని రెండూ ఒకేసారి అవుతాయనుకున్నారు."

"అయితే మళ్లీ మొదటికొచ్చినట్టేనా?"

"వచ్చారుగా. రాని వాళ్ల చీటీలు కూడా ఉన్నాయి నా దగ్గర, చూస్తారా?"

అతను చూడనన్నాడు.

ఈసారి రెండేళ్లు పట్టింది. ఆదివారాలు మామగారింటికి వెళ్లడం కూడా మానేశాడు. తగ్గింపు నెలకు ఒకసారి, అదీ ఉన్నదానిలో పదో వంతు. చివరి ఆరు నెలలు తగ్గించింది కంటికి కనబడనంత. ప్రతి గురువారం, వ్యసనం మానేసినవాళ్లంతా గుండ్రంగా కూర్చునే గదికి వెళ్లేవాడు. అక్కడ ఒక లారీ డ్రైవరు "మనం రిపేరైన బండ్లం కాదన్నా, రిపేరులో ఉంటూనే నడిచే బండ్లం," అంటే అందరితో పాటు నవ్వేవాడు. దారాల బల్ల నుంచి కత్తి బల్లకు తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది. మాత్ర పూర్తిగా ఆపాక ఇంకో ఆరు నెలలు ఆగి, అప్పుడు డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం తీసుకుని మామగారింటికి వెళ్లాడు.

ఆయన కాగితం రెండుసార్లు చదివారు. మడిచి తిరిగి ఇచ్చారు.

"మాటన్నాను కదా," అన్నారు. "తీసుకెళ్లు." లోపలికి చూసి మనవరాలిని పిలిచారు.

పదమూడు దాటిన పిల్ల తలుపు దగ్గర నిలబడింది. పొడుగైంది, తల్లిలాగే ఒక కాలి మీద బరువు వేసి నిలబడుతుంది.

"మీరు బాగైనందుకు సంతోషంగా ఉంది నాన్నా," అంది.

మాటలు వచ్చినప్పటి నుంచి అతణ్ణి నువ్వు అన్న పిల్ల. అతను మామగారి వైపు చూశాడు.

"నేనేం నేర్పలేదయ్యా," అన్నారాయన. అది నిజమే.

"ఆ రోజు మీరు చెప్పింది అబద్ధం కాదని నాకు తెలుసు. తర్వాత చదివాను," అంది అమ్మాయి. "మానేస్తే అలాగే ఉంటుందట."

"మరి?"

"తెలుసు. కానీ భయం పోలేదు. నేనిక్కడే ఉంటాను. ఆదివారాలు రండి."

"సరేనండీ," అన్నాడు అతను. అన్నాక తానేమన్నాడో అర్థమైంది. ఎవరూ నవ్వలేదు.

తరువాతి ఆదివారం వెళ్లాడు. నడుమ ఆరు రోజులూ కత్తి నడిపాడు, గురువారం ఆ గదికి వెళ్లాడు, ఏ మాత్రా వేసుకోలేదు. మామగారు కుర్చీ చూపించారు. అమ్మాయి మంచినీళ్లు తెచ్చి, కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చింది.