పల్లవిలో అప్పలనరస

ఆ రోజుల్లో పాట అంటే చేత్తో పట్టుకుని చూసుకునే వస్తువు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, లోపల మడతపెట్టిన రంగుల అట్ట, దాని వెనకాల కేసెట్టు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది, సీడీలు కూడా వచ్చేశాయి, అయినా మా అనకాపల్లి ఆటోలకూ టీకొట్లకూ ఆ సంగతి ఇంకా పూర్తిగా చేరలేదు. ఉగాదికి ముందు కొత్త అమావాస్య వస్తోందంటే గవరపాలెం నూకాలమ్మ జాతరకు కొత్త పాటలు దిగాల్సిందే. బెల్లం మార్కెట్టు నుంచి గుడి దాకా ఏ కొట్టు ముందు నిలబడ్డా ఒక స్పీకరు, ఆ స్పీకర్లో అమ్మవారు. అలాంటి ఒక జాతరలో నా పాట కూడా మోగింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గేమీ లేదు. (అప్పుడు అసలే లేదు.)

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. మా నాయనమ్మ మా వీధి ఆడవాళ్ళ భజన జట్టుకు పెద్ద. ఆవిడ పాటలు కడుతుంటే వింటూ పెరిగి, నేనూ కట్టడం మొదలుపెట్టాను. కట్టినవాళ్ళ పేరు చివరి చరణంలో పెట్టి తీరాలన్నది మా జట్టులో చట్టం. "పేరెట్టకపోతే రేపు ఎవత్తో వచ్చి ఈ పాట నాదంటాది. అప్పుడేటి సేత్తావు?" అనేది నాయనమ్మ. కాబట్టి నా పాటలన్నిటి చివరా అమ్మవారి కాళ్ళ దగ్గర అప్పలనరస అనే నేను బుద్ధిగా కూర్చుని ఉండేదాన్ని.

మా నాన్న స్నేహితుడొకాయన మెయిన్ రోడ్డులో కేసెట్ల కొట్టు పెట్టి, ఎవరో తీసినవి అమ్మడంతో తృప్తి పడక, సొంతంగా కేసెట్లు తీయడం మొదలుపెట్టాడు. ఆయన్ని ఊరంతా కంపెనీ బాబాయి అనేది. ఆయనకు పాటలు రాసి, బాణీలు కూడా కట్టిచ్చే కవిగారు విశాఖపట్నం నుంచి ప్రతి ఆదివారం రైల్లో వచ్చి, కొట్టు మేడ మీద హార్మోనియం ముందేసుకుని కూర్చునేవారు. కేసెట్లకు రాయడంలో తల నెరిసిన మనిషి. జాతర ఇంకా మూడు నెలలుందనగా నాయనమ్మ నన్ను రెక్క పట్టుకుని ఆ మేడ ఎక్కించింది. "బాబూ, మా పిల్ల పాటలు బాగా రాత్తాది. ఒకటి ఎట్టుకోండి" అంది. కంపెనీ బాబాయి తల గోక్కుని, "ఎట్టుకోడానికేటి పిన్నీ, ముందు పని నేర్సుకోవాల గదా. వారం వారం రమ్మను, గురువుగారు సెప్తారు" అన్నాడు. ఆయన అన్నది అంతే. మర్నాడు స్టాఫ్ రూములో నేను చెప్పింది మాత్రం, ఈసారి జాతర కేసెట్టులో నా పాట, నా పేరు వస్తున్నాయని. లెక్కల టీచరు కళ్ళద్దాల మీదుగా చూసి, "వచ్చేక చూద్దాంలెండి" అంది. ఆ "లెండి" నా గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. ఇంక నా పేరు రాకపోతే ఆ స్కూల్లో తలెత్తుకు తిరిగే దారి లేదు.

మొదటి ఆదివారం నా పాట తీసుకెళ్ళి చదివాను. పదకొండు చరణాలు. కవిగారు కళ్ళు మూసుకుని వింటున్నారు, తన్మయత్వం అనుకున్నాను. అయిదో చరణం దగ్గర కళ్ళు తెరవకుండానే, "అమ్మా, కేసెట్టుకి రెండు పక్కలుంటాయి. ఒక పక్కంతా నీకే ఇచ్చేయమంటావా?" అని అడిగారు. పాటకు ఒక పల్లవి, రెండు చరణాలు, అంతకు మించితే టీకొట్టువాడు టేపు కట్టేస్తాడన్నారు. తర్వాత హార్మోనియం మీద ఒక బాణీ వాయించి, "తాన తానన నానా" అని పాడి, దీనికి మాటలు రాయమన్నారు. మాట లేకుండా బాణీ ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టేసి, ఇందులో పట్టే మనిషిని వెతుక్కురా అన్నట్టుంది. అయినా వారమంతా కష్టపడి, బాణీ పైకెళ్ళే చోట "దుష్టశిక్షణదక్షిణీ" అని పెట్టుకుని వెళ్ళాను. (ఆ మాటకు అర్థం ఉందో లేదో నేను ఇప్పటికీ పూచీ పడలేను.) కవిగారు కాగితం చూసి, "నువ్వే పాడు" అన్నారు. పాడాను. రెండోసారి పాడేసరికి దగ్గొచ్చింది. మూడోసారికి కింద నుంచి కంపెనీ బాబాయి కుర్చీలోంచి లేచి, "ఎవరికేటైందండీ?" అని అరిచాడు. "చూసేవా? పైన గొంతు నిలబడాలంటే నోరు తెరుచుకునే అక్షరం కావాలి. 'ఆ' పెట్టు, హాయిగా ఎగురుతుంది. 'ష్ట' పెడితే మైకు తడిసిపోతుంది" అన్నారు కవిగారు. ఆ ఒక్క మాట నాకు ఎన్ని పుస్తకాలు చదివినా దొరికేది కాదు.

వ్యాపారం పాఠాలు కింద కొట్టులో కంపెనీ బాబాయి చెప్పేవాడు. "జాతరకొచ్చినోడు నిలబడి పాటంతా ఇంటాడేటమ్మా? మొదటి ముక్క సెవిలో పడాల, సెయ్యి జేబులోకెళ్ళాల. ఆ పక్కా ఈ పక్కా కలిపి పది పాటలుంటే, కొట్టోడు ఏసేది మొదటి పాట పల్లవే" అనేవాడు. అందుకే బేరానికి వచ్చినవాళ్ళ మొహాలు చూడమని నన్ను గల్లా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. ఏ మాటకు తల ఊగుతోంది, ఏ మాటకు "ఇంకోటెయ్యి" అంటున్నారు, ఎక్కడ బేరం పోతోంది, అన్నీ చూశాను. బీయెస్సీలో నేర్చుకున్నదానికన్నా ఆ స్టూలు మీద నేర్చుకున్నదే ఎక్కువ.

రెండు నెలలు గడిచేసరికి కవిగారి బాణీకి ఒక పల్లవి, రెండు చరణాలు కుదిరాయి. రెండో చరణం చివర నా పేరు. కవిగారు బాగుందన్నారు. ఆనక టైము చూసుకుని, పాట నిడివి ఎక్కువైందని, చివరి రెండు పాదాలు తీసేయమన్నారు. అవి నేనున్న పాదాలే! పోనీ అట్ట మీదైనా ఉంటాను కదా అని కిందకి దిగి అడిగితే, కంపెనీ బాబాయి అట్ట నమూనా చూపించాడు. మధ్యన అమ్మవారు. ఒక పక్క గాయని బొమ్మ. ఇంకో పక్క అమ్మవారికన్నా కొంచెం పెద్దగా కంపెనీ బాబాయి బొమ్మ. కింద సమర్పణ అని వాళ్ళావిడ పేరు, పర్యవేక్షణ అని బావమరిది పేరు, ఆశీస్సులు అని మావగారి పేరు. "సోటేదమ్మా? నువ్వే సెప్పు" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

ఆ పూట ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. లెక్కల టీచరు కళ్ళద్దాలే కనపడుతున్నాయి. నాయనమ్మ సంగతంతా విని, చారు పోస్తూ పోస్తూ ఆగి, "సివర ఎడితే కోసేత్తన్నారు గదా? ముందలెట్టీయే. తలకాయి కొయ్యరు గదా ఎవులూ!" అంది. నేను ఏడుపు ఆపి ఆవిడ వంక చూశాను. మా జట్టులో అంతవరకూ ఎవరూ చేయని పని అది. కానీ పల్లవిలో పేరు పెట్టకూడదని ఏ పెద్దా చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ ఆ అవసరం రాలేదు.

తర్వాతి ఆదివారం కవిగారి ముందు నిలబడి కొత్త పల్లవి పాడాను (మా వైపు లేవు అనడానికి నేవు అంటారు):

అప్పల నరసా పిలిచిందమ్మా ఆలకించవే నూకాలమ్మా
గొప్పలు నేవే నా కాడ గుప్పెడు పూలే తెచ్చేనమ్మా

హార్మోనియం ఆగిపోయింది. "అమ్మవారి కంటే ముందు నువ్వేంటమ్మా?" అన్నారు కవిగారు. ఆ ప్రశ్న వస్తుందని తెలుసు, వారం రోజులు జవాబు తయారు చేసుకున్నాను. "మీరే చెప్పేరు కదండీ. పైకెళ్ళే చోట నోరు తెరుచుకునే అక్షరం ఉండాలన్నారు. 'సా' ఉంది. ఒత్తులు పైన ఉండకూడదన్నారు. 'ప్ప' కిందే ఉండిపోయింది. పాట మొదటి ముక్కే చెవిలో పడాలని కింద బాబాయి అన్నాడు. పడుతుంది. ఇప్పుడు దీన్ని కొయ్యండి చూద్దాం" అన్నాను. కవిగారు ఆ పాదాన్ని పెదాల్లోనే ఒకసారి, పైకి ఒకసారి పాడుకున్నారు. 'సా' దగ్గర ఆయన గొంతు అలా లేచి నిలబడింది. "నా కత్తే నా మెడ మీద పెట్టేవు కదే!" అని నవ్వారు. అంతవరకూ అమ్మా అన్న మనిషి ఆ రోజు సొంత పిల్లని అన్నట్టు నన్ను 'కదే' అన్నారు, అంతకు మించిన పట్టా నాకు ఎవరూ ఇవ్వలేదు.

కంపెనీ బాబాయి మాత్రం ససేమిరా అన్నాడు. "అమ్మోరి పాటలో నీ పేరేటమ్మా, జనం నవ్వరా?" అన్నాడు. "బాబాయ్, మన అనకాపల్లిలో ప్రతి వీధిలో ఓ అప్పలనరస ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో సరే సరి. ప్రతి ఒకత్తీ అది తన పాటే అనుకుని కొనుక్కుంటుంది" అన్నాను. స్టూలు మీద కూర్చుని నేర్చుకున్న విద్య అది. ఆయన కాసేపు వీధిలోకి చూస్తూ మనసులోనే అప్పలనరసలను తలుచుకున్నాడు. "మొదటి పాటగా ఏసేద్దాం" అన్నాడు.

ఆ జాతరలో గుడి దారి పొడుగునా నేను మోగాను. కొట్టు దాటితే కొట్టు, నా పేరు నన్ను వెంబడించింది. నాయనమ్మ ప్రతి స్పీకరు ముందూ ఆగి, తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ "మా పిల్లేనమ్మా" అని చూపించింది. నాకు కాళ్ళు భూమ్మీద ఆనలేదు. లెక్కల టీచరు రెండు కేసెట్లు కొని, ఒకదాని మీద నా చేత సంతకం పెట్టించుకుంది. (సంతకం కాస్త పెద్దగానే పెట్టాను.) పై సంవత్సరం మరో కంపెనీ ఎవరో ఆ పాటను అలాగే ఎత్తుకుపోయి కేసెట్టు వేసుకున్నారు. అట్ట మీద రచన అని ఎవరో మహానుభావుడి పేరు, ఇంత మీసాలతో బొమ్మ. లోపల గాయని మాత్రం గొంతెత్తి అప్పలనరసా అనే పాడుతోంది. కంపెనీ బాబాయి దాన్ని కొట్టు ముందు వేలాడదీసి, వచ్చినవాళ్ళకల్లా చూపించి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

తర్వాత నాకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు, బదిలీలు. పాటలు తగ్గిపోయాయి. ఆ మధ్య గొలుగొండ దగ్గర ఒక ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు, అమ్మవారి పండగకు అక్కడి ఆడవాళ్ళు భజన చేస్తుంటే వెళ్ళి వెనకాల కూర్చున్నాను. మూడో పాట మొదటి ముక్క చెవిలో పడింది. అప్పల నరసా! పక్కనున్న పెద్దామెను ఏమీ ఎరగనట్టు అడిగాను, ఈ అప్పలనరస ఎవరమ్మా అని. ఆమె రెండు చేతులూ జోడించి, "పాతకాలం మనిసి తల్లీ. అమ్మోరు కల్లో అగుపించి పాడమంటే పాడిందంట. మా అమ్మమ్మ సిన్నతనంలోనే పోయిందంట, మహాతల్లి" అంది. బతికుండగా ఇంత పేరు ఎవరికి వస్తుంది? నోరు విప్పి నేనేనని చెబితే అంత పెద్ద మనిషి ఒక్క క్షణంలో మాయమైపోయేది, అందుకని నేనూ చేతులు జోడించాను.

పాటలోకి గొంతు కలిపాను. రెండు చరణాలయ్యాయి, వాళ్ళు ఆపలేదు. మూడోది ఎత్తుకున్నారు. అది నేను రాసింది కాదు, ఏ మహాతల్లి చేర్చిందో తెలియదు. వానలు పడక బిడ్డలు పస్తులుంటే అమ్మవారికి మాత్రం అన్నం ఎలా సయిస్తుందని అడిగే చరణం. నిజం చెప్పాలంటే నా రెండింటికన్నా అదే బాగుంది. నేను నోరు మూసుకుని వింటూంటే పెద్దామె మోచేత్తో పొడిచి, "ఇది రాదేటమ్మా నీకు? నేర్సుకో. అప్పలనరసమ్మ పాడినదాన్లో ఇదే గొప్పది" అంది. సరేనమ్మా అని దగ్గరికి జరిగి, ఆమె పెదాల వంక చూస్తూ, మాట తర్వాత మాట నేర్చుకున్నాను.