సైల్ అంటే

ఒక్క మాటను ఇన్నేండ్లు మోసిన. చిన్న మాట, బియ్యపు గింజంత. అయినా దాని బరువుకు తిన్నది ఒంటబట్టలే, పన్నా నిద్ర రాలే. ఇయ్యాల నీకు చెప్తున్న. తిడితే తిట్టు, నడుమల మాత్రం లేవకు.

షోలాపూర్‌ల కుంఠా నాకా దగ్గర, మగ్గాలు నేసే మా సాలోళ్ల గల్లీల ఒక బ్యాండు ఉండె. నేను రెండో ట్రంపెట్. మొదటి ట్రంపెట్ ఊదే ముసలాయన ఇడిచిపెట్టిండు. ఆ జాగా నాకే అనుకున్న. అంతల మా మేనత్త కొడుకు నర్సయ్య కరీంనగర్ దిక్కుకెళ్లి వచ్చి మా ఇంట్లనే దిగిండు. అబ్బ, ఏం ఊపిరి వానిది! ఊదితే మగ్గాల మీదోళ్లు చెయ్యాపి వినేటోళ్లు. నా కడుపు మండింది. మండింది, ఎందుకు దాచాలె?

వానికి నాలుకే మొండికేసేది. జోరు పాటల్ల ఒక్కొక్క సురాన్ని నాలుకతోని విడగొట్టాలె గదా, తు తు తు అని. అక్కడ వెనకబడేటోడు. అది దిద్దుకుంటే జాగా వానిదే. జాగా దొరికితే ఊర్ల ఇడిచొచ్చిన పెండ్లాన్ని తెచ్చుకుంటనని రోజూ అదే పాట.

బ్యాండు మాస్టర్ మరాఠీ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. నర్సయ్యకు మరాఠీ రాదు. నడుమ నేను.

ఒకనాడు మాస్టర్ వాని దవడ పట్టుకొని అన్నడు: "జీభ్ సైల్ సోడ్."

నాలుకను వదులుగ పెట్టు అని. అంతే.

"ఏమంటున్నడు బావా?"

"నాలుకతోని గట్టిగ కొట్టుమంటున్నడు."

"సైల్ అంటే గట్టిగనా?"

"ఆఁ. గట్టిగ."

నమ్మిండు. ఎందుకు నమ్మడు? మగ్గం మీద పెరిగినోడు. తాడు ఎంత గట్టిగ గుంజితే పోగు మోసే నాడె అంత జోరుగ ఉరుకుతదని వాని చేతులకు ఎరుకే. నాలుకగూడ అంతే అనుకున్నడు. మాస్టర్ "సైల్! సైల్!" అని ఒర్లినకొద్దీ వీడు ఇంకింత గట్టిగ కొట్టేటోడు. మెడ నరాలు ఉబ్బేటివి. మాస్టర్‌కు కోపం, వీనికి భయం, నేను నోరు మూసుకొని నిలబడేటోణ్ణి. రేపు చెప్త తీయ్ అనుకునేటోణ్ణి. నిజంగ చెప్దామనుకున్ననా? ఏమో. పొద్దుగాల గోడవతల వాని నాలుక ట్ట ట్ట అని కొట్టుకుంటుంటే నేను చాయ్ తాగుకుంట విన్న. పెదవి పగిలి నెత్తురొచ్చింది. మా అమ్మ పసుపు పెడుతుంటే నవ్విండు. "బావ చెప్పినట్టే చేస్తున్న అత్తా" అన్నడు.

మార్కండేయ రథం నాడు కొంతం చౌక్‌ల జనం కిక్కిరిసిండ్రు. జోరు పాట ఎత్తుకున్నం. నర్సయ్య నాలుక బిగుసుకపోయింది. గాలి ఉన్నది, సురం లేదు. మొఖం నల్లబడ్డది. జనం ఈలలేసిండ్రు. మాస్టర్ వాన్ని పక్కకు నూకి నాకు సైగ జేసిండు. నేను ఊదిన. సిగ్గులేకుంట బాగ ఊదిన.

వాడు మళ్ల ట్రంపెట్ ముట్టలే. పవర్‌లూమ్ కార్ఖానల చేరిండు. పెండ్లాన్ని తెచ్చుడు ఏడాదికేడాది వెనకకు పోయింది. ఆఖరికి ఆమె తమ్ముడొచ్చి, ఇగ ఆమెను పంపేది లేదని చెప్పిపోయిండు.

నన్ను తింటున్నది ఇది గూడ గాదు. ఒకపారి పనుండి ఆ కార్ఖానకు పోయిన. మగ్గం మీద పడుగు దారాలు బిగిసినట్టుంది, మరాఠీ మేస్త్రి అరిచిండు: "సైల్ సోడ్!" నర్సయ్య తల గూడ ఎత్తకుంట పడుగును వదులు జేసిండు. అప్పుడు నన్ను జూసిండు.

"రా బావా, చాయ్ తాగుదాం" అన్నడు.

వానికి ఎరుకే. ఎన్నటి సంది ఎరుకో? ఎందుకు అడుగలే? కొట్టినా బాగుండు. ఇప్పటికీ పండుగకు వస్తడు, నా ఎదురుంగ కూసుండి తింటడు. ఈసారి అడుగుతడని వాని మొఖమే చూస్త. అడగడు. నేను చెప్ప.

అందుకే నీకు చెప్పిన. మాఫీ కోసం గాదు, అది ఇచ్చేటందుకు నువ్వెవరు? మాస్టర్ వదులు అన్నడు, నేను గట్టిగ అన్న. తెలిసే అన్న. ఇగో, ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతున్నది.