నేను రాయని ఒక్క ఫైలు పేరు

మా ఆఫీసులో ఎవరి చేతిలో పని చెడినా "రాజురా పిల్ల లెక్క చేసినవ్" అంటారు. ఆమెను ఎన్నడూ చూడనివాళ్లు కూడా అంటారు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టనిచ్చింది నేను.

చంద్రపూర్‌లో, తుకుం అనే పేటలో మాది చిన్న ఆఫీసు. బొగ్గు లారీలను తూచే కాటాలకు ప్రోగ్రాములు రాస్తాం. రాజురా దగ్గరి తెలుగు రైతుల ఇంటి నుంచి వచ్చిన ఆమె నా పక్క కుర్చీలో పనిచేసేది. ఫైళ్లన్నిటినీ ఒక ప్రోగ్రాముగా కట్టే మేక్‌ఫైల్ నాది. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో అందులో రాసి ఉంటుంది. ఒకటి మారితే, దాని మీద ఆధారపడినవాటిని మాత్రమే యంత్రం మళ్లీ కంపైల్ చేస్తుంది, అంటే తన భాషలోకి మార్చుకుంటుంది. రాయకపోతే దానికి తెలియదు, పాతదాన్నే తెచ్చి అతికిస్తుంది. ఆ వరుసలను కంపైలర్ చేతనే రాయించుకోవచ్చు. నేను చేత్తో రాసేవాణ్ని. అదొక గీర.

పాతవన్నీ చెరిపి మొదటినుంచి కట్టేవాళ్లంటే మాకు వెటకారం. దాన్ని మొదలుపెట్టిందీ నేనే.

ఒకసారి ఆమె మిగతా ఫైళ్లు వాడుకునే లారీ వివరాలుండే హెడర్ ఫైలులో, బరువులకు ముందు, పాస్ నంబరు చేర్చింది. కట్టి చూసి నన్ను పిలిచింది.

"అన్నా, తూకం చీటీ ప్రింట్ చేసే ఫైలు మళ్ల కంపైల్ అయితలేదు. అన్నీ చెరిపి కడ్తనా?"

"ఒక్క లైనుకు ఇల్లంత సున్నం కొడ్తవా? ఏది మారిందో మేక్‌ఫైల్‌కు ఎర్కే."

అందరూ నవ్వారు. ఆమె చెరపలేదు. ప్రింటర్ మాజ్రి దగ్గరి బొగ్గు యార్డులోనే ఉండేది, కాబట్టి మా దగ్గర చీటీ చూసే వీల్లేదు. అక్కడ వివరాలన్నీ ఒక గడి జరిగి, మొదటి చీటీల్లోనే బొగ్గు బరువు ఉండాల్సిన చోట ఖాళీ లారీ బరువు పడింది. డ్రైవర్లు కాటా గదిని చుట్టుముట్టారు.

"ఎవరు మార్చిన్రు?" అని మా యజమాని అడిగాడు.

"ఆమె" అన్నాను. అది నిజమే. నా మేక్‌ఫైల్‌లో ఆ ప్రింట్ ఫైలు పక్కన హెడర్ పేరు లేదన్నది ఇంకో నిజం. మర్నాడు చూసుకున్నాను. ఆ పేరు చేర్చాను, నోరు మూసుకున్నాను. అప్పటికే ఆమెను ఉద్యోగం నుంచి పంపేశారు.

ఈమధ్య కోర్పనా వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఆమె ఉద్యోగానికి పెట్టుకుంది. అక్కడి అధికారి మా యజమానికి ఫోన్ చేసి ఆమె గురించి అడిగాడు. నేను ఎదురుగానే ఉన్నాను.

"ఆ పిల్లా? ఆమె చేతుల పని పెడితే ఆగమే సార్" అన్నాడు యజమాని.

అతను ఫోన్ పెట్టేశాక చెప్పాను.

"తప్పు నాది సార్. మేక్‌ఫైల్‌ది. మళ్ల ఫోన్ చేసి చెప్పున్రి."

"పాత ముచ్చట. ఇడువు. నువ్వు పనిమంతునివి, నిన్నేం అన్నమా?"

నన్ను ఏమీ అనకపోవడమే కదా అన్యాయం! అతని మీద ఎంత మండిందో, అంతకన్నా ఎక్కువ నా మీద మండింది. ఆ అధికారికి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అంతా విని, "మీరు ఆమెకు ఏమవుతారు?" అని అడిగాడు. ఏమీ కానన్నాను. వేరేవాళ్లను తీసుకున్నామన్నాడు.

ఆమెకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"గప్పుడే సమజైంది అన్నా. ఇంటికొచ్చి అన్నీ చెరిపి కట్టి చూసుకున్న" అంది. "ఫ్యాక్టరోళ్లకు చెప్పినవ్, మంచిదే. మరి మనోళ్లకు చెప్పినవా?"

"లేదు."

"గదే మరి."

ఫోన్ పెట్టేసింది. మర్నాడు అందరూ కూర్చున్నప్పుడు ఆఫీసులో చెప్పాను. ఇద్దరు తలలు వంచుకున్నారు. ఒకతను, "అయితే ఇప్పటినుంచి ఆ మాటకు నీ పేరు పెట్టాల్నా?" అన్నాడు. పెట్టమన్నాను.